పొయ్యి తొలగింపు విషయమై

సిల్వర్ బ్రూక్ విశ్రాంత నివాసం,
ఎడిసన్ దగ్గర, న్యూజెర్సీ.
14 సెప్టెంబరు 1986

బావమరిది సామ్యూల్‌కు బావ దైవాశీర్వాదం దీవెనలు. వసంతకుమారికి మా ఇద్దరి వందనాలు.

విషయం: భోజనశాల – వడ్డనలో లోపం – తెలియజేయుట గురించి.

నువ్వు టెక్సాస్ నుంచి పంపిన రంగుల బ్రోచరును నమ్మి మేము ఇక్కడ చేరాము. బ్రోచరులో చూపిన చెరువు ఉన్నది. అందులోని బాతులు కూడా ఉన్నవి. బల్ల చుట్టూ కూర్చొని నవ్వుతున్న వృద్ధులు మాత్రం ఇంతవరకు కనబడలేదు. వారు ఇక్కడి భోజనం చేసి ఎటు పోయారో విచారిస్తున్నాను.

పోయిన చలికాలంలో నా గుండె నాకు ఇచ్చిన నోటీసు నీకు తెలిసినదే. గుండెకు మేలు చేసే భోజనం పెడతారనే కదా ఈ చోటును నువ్వు సిఫారసు చేశావు. పెడుతున్నారు. కోడికి చర్మం ఒలిచి, నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, మిగిలినదానిని పళ్లెంలో ఉంచి పక్కన ఉడికిన బీన్సు పేరుస్తారు. బల్ల మీద ఉప్పు డబ్బా ఉండదు. ఉప్పు అడిగితే మిసెస్ డన్‌లప్ అనే ఆహార నిపుణురాలు స్వయంగా వచ్చి, మన పక్కన కూర్చొని, గుండె బొమ్మ ఉన్న కాగితం చూపిస్తారు. అందుచేత ఎవరూ అడగరు.

దీనిపై నాకు ఫిర్యాదు లేదు. గుంటూరు కలెక్టరేటులో పనిచేసినవాడిని, అంతకుముందు మిషన్ హాస్టల్లో పెరిగినవాడిని. రుచి లేకపోవడం నాకు కొత్త కాదు. నా ఫిర్యాదు వడ్డన గురించి.

మొదటి రోజు వడ్డించే అమ్మాయి వచ్చి, ఇంకొంచెం పెట్టమంటారా అని అడిగింది. మర్యాద తెలిసినవాడిని గనుక వద్దన్నాను. ఆ అమ్మాయి 'ఓకే' అని గిన్నె తీసుకొని వెళ్లిపోయింది. తిరిగి వస్తుందని చాలాసేపు చూశాను. రాలేదు. మరునాడు ఇంకాస్త మర్యాదగా వద్దన్నాను. ఇంకాస్త తొందరగా వెళ్లిపోయింది. ఇప్పుడు నన్ను చూడగానే గిన్నె దించకుండానే దాటిపోతున్నది.

మీ అక్క ఈ దేశపు ఆస్పత్రుల్లో ఇన్నేళ్లు నర్సుగా రాత్రి డ్యూటీలు చేసి మొహమాటం పూర్తిగా పోగొట్టుకున్నది. 'యస్, ప్లీజ్' అని పళ్లెం ముందుకు జరుపుతుంది. కట్టుకున్నవాడు ఎదుట కూర్చొని ఉండగానే.

గురువారం నాడు బస్సులో రెస్టారెంటుకు తీసుకువెళతారు. ముందుగా వెళితే ధర తగ్గిస్తారట. అందుచేత ఎండ వెలుగులోనే రాత్రి భోజనం ముగించవలెను. అక్కడ సలాడ్ బార్ అనే బల్ల ఉన్నది. ఎవరికి వారే వడ్డించుకోవాలి. నాకు నేనే వద్దని చెప్పుకొని, నన్ను నేనే బలవంతపెట్టుకొని, చివరకు నా మాట నేను తోసిపుచ్చడం నాకు చేతకాలేదు. ఖాళీ పళ్లెంతో తిరిగి వచ్చాను.

ఒకటే ఊరట. మా గదులకు ఆనుకొని చిన్న వంటగది, అందులో కరెంటు పొయ్యి ఉన్నవి. మీ అక్క డ్యూటీలకు వెళ్లినన్నాళ్లు ఇంట్లో వంట నాది. ఉద్యోగం నుంచి రిటైర్ అయ్యాను. పొయ్యి నుంచి కాలేదు. ఆ పొయ్యి ఉన్నంతకాలం నేను ఈ సంస్థలో ఉండగలను.

ఇట్లు,
దైవాశీర్వాదం

తమ్ముడూ, నేను బాగున్నాను. మీ బావ ఆకలితో ఉన్నాడని కంగారు పడకు. గదికి వచ్చాక పప్పన్నం తింటున్నాడు. నూనె సీసా నా అలమరలో ఉంది, తాళం నా దగ్గర ఉంది. – అక్క


ఇర్వింగ్, టెక్సాస్
2 అక్టోబరు 1986

గౌరవనీయులైన బావగారికి, అక్కకు, ఇర్వింగ్ నుంచి వందనాలు.

బావగారూ, మీతో సీరియస్‌గా మాట్లాడాలి. ఫోన్‌లో అయితే మీరు వాతావరణం గురించి మొదలుపెడతారు, అందుకే రాస్తున్నాను.

నిన్న లాస్ కొలీనాస్‌లో మీటింగ్‌లో ఉండగా మిసెస్ డన్‌లప్ ఫోన్ చేశారు. మీ పేపర్స్‌లో ఎమర్జెన్సీ కాంటాక్ట్ నేనే కదా. 'మీ బావగారు రోజూ భోజనం నిరాకరిస్తున్నారు. ఎంత అడిగినా నో అంటున్నారు. ఏదైనా మానసిక కారణమా, మతపరమైన కారణమా' అని అడిగారు. నాకు వెంటనే అర్థమైంది. ఉప్పు ఇవ్వలేదని మీరు నిరాహార దీక్షకు కూర్చున్నారు.

బావగారూ, ఇది అమెరికా. ఇక్కడ దీక్ష చేస్తే నిమ్మరసం ఇచ్చి విరమింపజేయడానికి మంత్రిగారు రారు. ట్యూబ్ వేస్తారు.

మా ఇన్సూరెన్స్ ఆఫీసులో నా పక్క సీటు అతనికి బైపాస్ అయింది. నాకంటే రెండేళ్లు చిన్నవాడు. అప్పటి నుంచి నేను కొలెస్టరాల్ గురించి చదువుతున్నాను, పొద్దున్నే జాగింగ్ చేస్తున్నాను. గుడ్డులో పచ్చసొన మానేశాను. వసంత ఓట్ బ్రాన్‌తో, అంటే ఓట్స్ తవుడుతో, ఉప్మా చేస్తోంది. మొదటి రోజు గోడ బీటలు పూడ్చడానికి బాగుంటుందనిపించింది. ఇప్పుడు అలవాటైంది. మీకూ ఒక పెట్టె పార్సెల్ చేశాను.

దయచేసి దీక్ష విరమించండి. ఆ చోటును రికమెండ్ చేసింది నేను. నా పరువు కూడా చూడండి.

మీ
సామ్యూల్


సిల్వర్ బ్రూక్
19 అక్టోబరు 1986

చిరంజీవి సామ్యూల్‌కు,

విషయం: నిరాహార దీక్ష – ఆరోపణ – ఖండన గురించి.
సూచిక: నీ ఉత్తరం, తేదీ 2 అక్టోబరు.

పై ఆరోపణను పూర్తిగా ఖండిస్తున్నాను. దీక్ష చేసేవాడు తినకూడదని నిశ్చయించుకుంటాడు. నేను తినాలనే నిశ్చయించుకొని భోజనశాలకు వెళుతున్నాను. మిసెస్ డన్‌లప్ గారు నా ముఖం మీద టార్చి వేసి చూసి, దిగులుగా ఉన్నదా అని అడిగారు. లేదన్నాను. ఆ మాటను మాత్రం ఆవిడ నమ్మలేదు. నేను దేనికి వద్దన్నా నమ్మే మనుషులు దీనికి నమ్మకపోవడం ఏ నియమం కిందికి వస్తుందో తెలియదు.

ఓట్ బ్రాన్ చేరింది. కృతజ్ఞతలు. చెరువులోని బాతులకు సమర్పించాను. అవి ఇంకా పరిశీలిస్తున్నవి.

ఇక సంతోషకరమైన సంగతి. మా పక్క గదిలో కొవాల్‌స్కీ అనే పెద్దమనిషి ఉంటాడు. రైలింజను నడిపి రిటైర్ అయ్యాడు. భార్య పోయింది. గుండె ఆపరేషను అయినది. రాత్రిళ్లు పాలలో సీరియల్ వేసుకొని, టీవీ ముందు నిలబడి తింటాడు. నిలబడి, సామ్యూల్. కూర్చునేటంత పని లేదట.

శనివారం మా ఇంటికి భోజనానికి పిలిచాను. ఎడిసన్‌లో కొత్తగా తెరిచిన గుజరాతీ దుకాణంలో వంకాయలు దొరికినవి. గుత్తివంకాయ, కోడికూర, పప్పుచారు, పెరుగు. మీ అక్క తాళం తీసి నూనెను చెంచాతో కొలిచి ఇచ్చింది గనుక గుండెకు సంబంధించిన నిబంధనలన్నీ పాటించబడినవి.

మొదట అతనికి ఏమీ తెలియదనుకున్నాను. అన్నం పెట్టగానే తిన్నాడు. కూర అయిపోయింది. గరిటె ఎత్తాను. 'నో, థాంక్యూ' అన్నాడు.

నేను ఆగిపోయాను. ఇంత చక్కగా పెరిగిన మనిషి పక్క గదిలో ఉండి ఇన్నాళ్లూ నాకు తెలియలేదే అనుకున్నాను. 'అలా అనకండి' అని గరిటెడు వేశాను. తిన్నాడు. మళ్లీ ఎత్తాను. 'రియల్లీ, ఐ కుడ్‌న్ట్' అన్నాడు. వేశాను. తిన్నాడు. మూడోసారి ఏం చేశాడనుకున్నావు? పళ్లెం మీద చేయి అడ్డం పెట్టాడు. గుంటూరులో పెద్ద ఇళ్లల్లో కూడా ఇంత నిండుగా చేయి అడ్డం పెట్టేవాళ్లను చూడలేదు. వేళ్ల సందుల్లోంచి వేశాను.

వెళ్లేటప్పుడు గోడ పట్టుకొని నడిచాడు. తృప్తిగా తిన్న మనిషి అలాగే నడుస్తాడు.

ఇట్లు,
దైవాశీర్వాదం

తమ్ముడూ, వేళ్ల సందుల్లోంచి వేసింది వేడి పప్పుచారు. ఆయన చేతికి బర్నాల్ రాసి పంపాను. నేను బల్ల కింద మీ బావ కాలు తొక్కుతూనే ఉన్నాను. నేను కూడా వడ్డించమంటున్నానని అనుకున్నాడు. – అక్క


ఇర్వింగ్
11 నవంబరు 1986

బావగారికి,

మీ ఉత్తరమూ, సిల్వర్ బ్రూక్ వాళ్ల ఉత్తరమూ ఒకే రోజు వచ్చాయి. మీది ముందు చదివి వసంతా నేనూ నవ్వుకున్నాం. తర్వాత రెండోది చదివాం.

మీ ఇంట్లో భోజనం చేసిన రాత్రే కొవాల్‌స్కీగారిని ఛాతీలో బరువుగా ఉందని అంబులెన్స్‌లో తీసుకెళ్లారట. మీరు నాకు ఉత్తరం పోస్ట్ చేసేటప్పటికి ఆయన ఆస్పత్రిలో ఉన్నారు. 'అతిథి పలుమార్లు స్పష్టంగా నిరాకరించినప్పటికీ' అని రాశారు. మీ గదిలోంచి పొయ్యి తీసేయాలని రెసిడెంట్స్ కౌన్సిల్ ముందు ప్రపోజల్ పెట్టారు.

బావగారూ, మీ కోపం నాకు అర్థమవుతుంది. భోజనశాల మీద కసి ఉంటే డన్‌లప్‌గారి మీద తీర్చుకోవాలి. గుండె ఆపరేషన్ అయిన పక్కింటాయన మీద కాదు. మీరు ఒక పాయింట్ ప్రూవ్ చేయాలని ఆయనకు బలవంతంగా తినిపించారని వాళ్లు అనుకుంటున్నారు. నిజం చెప్పాలంటే నేనూ కాసేపు అలాగే అనుకున్నాను.

పొయ్యి పోతే మీరు అక్కడ ఉండరని నాకు తెలుసు. అక్కకి ఆ చోటు నచ్చింది. ఇన్నేళ్ల నైట్ డ్యూటీల తర్వాత ఇప్పుడే రాత్రి పడుకుంటోంది. అందుకని నేను కల్పించుకున్నాను. ఆఫీసులో కూర్చొని కౌన్సిల్‌కి ఒక లెటర్ టైప్ చేసి పంపాను. పొయ్యి ఇప్పుడే తీయవద్దని, కొన్నాళ్లు గమనించమని, దానికి ఒక నియమం పెట్టమని కోరాను. 'అతిథి ఒక్కసారి వద్దంటే వడ్డన ఆపవలెను. అతిథి మాటే తుది మాట' అని. మా కంపెనీ పాలసీ రాసినట్టే, ఎక్కడా సందు లేకుండా రాశాను.

మీకు నచ్చకపోవచ్చు. కాని నాగరికంగా ఉండటమంటే ఎదుటి మనిషి మాటను నమ్మడమే కదా.

మీ
సామ్యూల్


సిల్వర్ బ్రూక్
30 నవంబరు 1986

చిరంజీవి సామ్యూల్‌కు,

విషయం: పొయ్యి – షరతులతో కొనసాగింపు – ఉత్తర్వు అందినట్టు తెలుపుట గురించి.

ముందుగా రోగి సంగతి. కొవాల్‌స్కీ రెండు రోజులకే ఇంటికి వచ్చాడు. గుండె నిక్షేపంగా ఉన్నదని, కడుపులో గాలి చేరిందని డాక్టర్లు తేల్చారు. రాగానే మా తలుపు కొట్టి, ఆ ఊదారంగు కూర పేరేమిటని అడిగాడు. ఈ సాక్ష్యాన్ని కౌన్సిల్ వారు స్వీకరించలేదు. అతను ఆ రోజు ఇంకా మందుల ప్రభావంలో ఉన్నాడట.

కసితో వడ్డించానని నువ్వు రాసిన వాక్యాన్ని మీ అక్కకు చదివి వినిపించాను. ఆవిడ 'వాడు చిన్నప్పుడు కూడా అంతే' అన్నది. ఎంత అన్నది చెప్పలేదు.

నీ లేఖ ఇక్కడ గొప్ప ప్రభావం చూపింది. కౌన్సిల్ అధ్యక్షురాలు హైస్కూలు ప్రిన్సిపాలుగా చేసిన మనిషి. నీ వాక్యాన్ని లేచి నిలబడి చదివారు. యథాతథంగా ఆమోదించారు. తమ తరఫున ఇంకొకటి చేర్చారు. నా ఇంట్లో తిన్న ఏ అతిథి దగ్గర నుంచైనా, ఆతిథ్యం గురించి ఏ విధమైన ఫిర్యాదు వచ్చినా జూన్ సమావేశంలో పొయ్యి తీసివేయబడును. అటువంటి ఫిర్యాదు నాకు తెలిస్తే నేనే డన్‌లప్ గారికి దాఖలు చేయవలెను. సంతకం చేశాను.

నేను ఉత్తర్వులను ఉల్లంఘిస్తానని నువ్వు భయపడుతున్నావు. రెవెన్యూ శాఖలో పనిచేసినవాడిని నువ్వు ఇంకా అర్థం చేసుకోలేదు. ఒక ఉత్తర్వు తప్పని నిరూపించడానికి మాకు తెలిసిన మార్గం ఒకటే. దానిని అక్షరం జారకుండా అమలు చేయడం. అదే చేయబోతున్నాను.

థాంక్స్‌గివింగ్ నాడు భోజనశాలలో టర్కీ పెట్టారు. చర్మం తీసేశారు. ఆ పక్షి దేనికి కృతజ్ఞత చెప్పాలో నాకు బోధపడలేదు.

ఈస్టరుకు నువ్వు, వసంతకుమారి తప్పక రావలెను. ఎడిసన్‌లో అద్దె చర్చిలో తెలుగు ఆరాధన ఉన్నది. తర్వాత భోజనం మా ఇంట్లో.

ఇట్లు,
దైవాశీర్వాదం

తమ్ముడూ, ఈస్టరుకు వచ్చేటప్పుడు ఏదైనా తిని రండి. ఇంతకంటే ఇక్కడ రాయలేను, మీ బావ భుజం మీదుగా చూస్తున్నాడు. – అక్క


ఇర్వింగ్
27 ఏప్రిల్ 1987

బావగారికి,

ఈ ఉత్తరం రాయకూడదని వసంత చెప్పింది. వారం ఆగాను. ఇక ఆగలేను.

ఈస్టరు మధ్యాహ్నం మీ బల్ల మీద ఏముందో నాకు ఇంకా కళ్లకు కట్టినట్టుంది. గారెలు, కోడి పులుసు, గోంగూర మాంసం, గుత్తివంకాయ. బావగారూ, నేను నెలల తరబడి ఓట్ బ్రాన్ తిన్న మనిషిని. విమానంలో కూర్చున్నప్పటి నుంచి నాకు అవి తప్ప వేరే ధ్యాస లేదు. అద్దె చర్చిలో పాస్టరుగారి ప్రసంగం కూడా సరిగా వినలేదు, దేవుడు క్షమించాలి.

మీరు ఒక గారె వేశారు. తిన్నాను. రెండోది తెచ్చారు. 'వద్దు బావా' అన్నాను. ఎవరైనా అంటారు. అనకపోతే మనిషి కాదు. మీరు నా ముఖంలోకి చూసి, ఇంగ్లీషులో 'ఓకే' అన్నారు. ఓకే అని పళ్లెం తీసుకెళ్లి కొవాల్‌స్కీ ముందు పెట్టారు.

కోడి పులుసు దగ్గరా అంతే. వసంత 'చాలు అన్నయ్యగారూ' అంది, అన్నం ఇంకా ముద్ద కూడా కలపకముందే. మీరు గరిటె గిన్నెలో పెట్టేశారు. ఆవిడ ముఖం మీరు చూడలేదు, నేను చూశాను. గోంగూర మాంసం వచ్చేసరికి నేను వద్దనడం మానేసి ఊరుకున్నాను. మీరు 'వద్దని అనలేదు, కావాలనీ అనలేదు, సందిగ్ధంగా ఉన్నది' అని గిన్నె దాటించేశారు. ఆ పక్కింటాయన మాత్రం 'యస్, ప్లీజ్. దట్ వన్ టూ' అంటూ ఎదురుగా కూర్చొని అన్నీ తిన్నాడు. మా అక్క ఇంట్లో. నా గారెలు.

అక్క తలవంచుకొని పెరుగన్నం తింటోంది. నవ్వు ఆపుకుంటోందని నాకు తెలుసు.

నెవార్క్ ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లే దారిలో డైనర్ దగ్గర కారు ఆపి ఆమ్లెట్లు తిన్నాం. పచ్చసొనతో సహా. వసంత ఒక్క మాట అంది: 'మీ అక్కా బావలకు మనం బరువైపోయామా?'

తోడబుట్టిన అక్క ఇంటికి అంత దూరం నుంచి వచ్చిన వాళ్లను, పండగ పూట, ఒక్కసారి కూడా బలవంతపెట్టకుండా లేపేశారు. ఇంతకంటే అవమానం నాకు ఈ దేశంలో జరగలేదు.

సామ్యూల్


సిల్వర్ బ్రూక్
5 మే 1987

చిరంజీవి సామ్యూల్‌కు,

విషయం: అతిథి ఫిర్యాదు – దాఖలు – తెలియజేయుట గురించి.
సూచిక: నీ ఫిర్యాదు, తేదీ 27 ఏప్రిల్.

నీ ఫిర్యాదు అందినది. అందులోని ప్రతి మాటా నిజమని ధ్రువీకరిస్తున్నాను.

ఆ రోజు నీ విస్తరి ఎదుట నేను పడిన బాధ నీకు తెలియదు. వసంతకుమారి చాలు అన్నప్పుడు మా అమ్మ బతికి ఉంటే గరిటెతో నా తల మీద కొట్టేది. అయినా ఉత్తర్వు ఉత్తర్వే. అతిథి మాటే తుది మాట. ఎక్కడా సందు లేకుండా రాశావు, నాకు దొరకలేదు.

నువ్వు నా ఇంట తిన్న అతిథివి. నీది ఆతిథ్యం గురించిన ఫిర్యాదు. కాబట్టి షరతు ప్రకారం నీ ఉత్తరాన్ని మీ అక్క చేత ఇంగ్లీషులోకి మార్పించి డన్‌లప్ గారికి దాఖలు చేశాను. రసీదు ఇచ్చారు. జూన్ సమావేశంలో విచారణకు వస్తుంది. దీనివల్ల పొయ్యి పోయే అవకాశం ఎక్కువగా ఉన్నదని మీ అక్క అంటున్నది. పోతే పోనీ. దొంగచాటుగా వండుకొని తినడానికి నేను ఈ పొయ్యి అడగలేదు.

ఇట్లు,
దైవాశీర్వాదం

తమ్ముడూ, నేను వద్దని చెప్పాను. చాలాసార్లు చెప్పాను. మీ బావ నమ్మలేదు. పొయ్యి పోతే ఇల్లు మారదామంటాడు, నేనింక సామాన్లు సర్దలేను. నువ్వే ఏదైనా చెయ్యి. – అక్క


ఇర్వింగ్
16 మే 1987

బావగారికి,

మీరు దాఖలు చేశారు. బావా అని రాసుకున్న ఉత్తరాన్ని కౌన్సిల్‌లో దాఖలు చేశారు. వసంత నుదురు కొట్టుకుంది. తర్వాత, 'ముందే చెప్పాను రాయొద్దని' అంది. తర్వాత చాలాసేపు నవ్వింది. ఈస్టరు తర్వాత నవ్వడం అదే మొదలు.

కౌన్సిల్‌కి ఇంకో లెటర్ పంపాను. నా పాత లెటర్ విత్‌డ్రా చేసుకుంటున్నానని రాశాను. వాళ్లకు అర్థమయ్యేలా రాయడానికి రెండు శనివారాలు పట్టింది. 'మా వైపు అతిథి మొదటిసారి వద్దనడం జవాబు కాదు, పలకరింపు లాంటిది. హలో అన్నవాణ్ణి హలో అంటే ఏమిటి, రుజువు చూపించు అని ఎవరూ అడగరు' అని రాశాను. మా బావగారు నా మాట నమ్మారనేదే నా ఫిర్యాదు, అంతకుమించి ఆయన తప్పు ఏమీ లేదని రాశాను. టైప్ చేసి మళ్లీ చదువుకుంటే నాకే పిచ్చివాడి రాతలా అనిపించింది. అయినా సంతకం చేశాను.

జాగింగ్ మానలేదు. ఓట్ బ్రాన్ మానేశాం.

మీ
సామ్యూల్


సిల్వర్ బ్రూక్
21 జూన్ 1987

చిరంజీవి సామ్యూల్‌కు, వసంతకుమారికి,

విషయం: పొయ్యి – తుది తీర్పు – పర్యవసానములు – తెలియజేయుట గురించి.

విచారణ భోజనశాలలోనే జరిగింది. ఎక్కువ వడ్డించినందుకు ఒక ఫిర్యాదు, తక్కువ వడ్డించినందుకు ఒక ఫిర్యాదు, రెండూ ఒకే వంటవాడి మీద, ఒకే పొయ్యి మీద. అధ్యక్షురాలు రెండు కాగితాలను పక్కపక్కన పెట్టుకొని, కళ్లజోడు తీసి తుడుచుకొని, మళ్లీ పెట్టుకొని చూశారు. కాగితాలు మారలేదు.

డన్‌లప్ గారు పొయ్యి తీయవలసిందేనన్నారు. ఆవిడ మనసులో చెడు లేదు. మా గదుల వరసలో ఇద్దరు పెద్దవాళ్లు గుండెపోటుతో పోవడం కళ్లారా చూసిన మనిషి. మీ అక్క లేచి, నూనె సీసా తాళం చూపించి, నర్సు హోదాలో నా రక్తపోటు వివరాలు చదివింది. భోజనశాలలో తిన్న రోజుల కంటే ఇంట్లో తిన్న రోజుల్లోనే తక్కువగా ఉన్నదట. నాకే తెలియదు.

ఆ తర్వాత నీ ఉత్తరం చదివారు. పలకరింపు అన్న చోట వెనక బల్లల దగ్గర ఎవరో నవ్వారు. అధ్యక్షురాలు మాత్రం నవ్వలేదు. 'అయితే మిస్టర్ కొవాల్‌స్కీ, మీ సంగతేమిటి? మీరు అటువైపు వారు కాదు. మీరు వద్దన్నారా, లేదా?' అని అడిగారు.

కొవాల్‌స్కీ లేచాడు. టోపీ చేతిలో పట్టుకున్నాడు.

'వద్దన్నాను మేడమ్. అబద్ధం చెప్పాను.'

'ఎందుకు?'

'అలవాటైపోయింది. నా భార్య ఉన్నన్నాళ్లూ నేను వద్దంటే పోవోయ్ అని పెట్టేది. ఆమె పోయినప్పటి నుంచి నేను ఏం చెప్పినా అందరూ నమ్మేస్తున్నారు.'

అని కూర్చున్నాడు. డన్‌లప్ గారు తన కాగితాలు సర్దుకుంటూ చాలాసేపు వాటివైపే చూశారు.

పొయ్యి ఉన్నది. నీ పాత నియమం రద్దయింది. దాని స్థానంలో కొత్తది రాశారు. మూడుసార్లు అడగవలెను. మూడోసారి కూడా వద్దంటే, అప్పుడు నమ్మవలెను. గుండె జబ్బు ఉన్నవారికి ఉప్పు, నూనె మీ అక్క కొలిచి ఇవ్వవలెను. చేయి అడ్డం పెట్టినచోట వేడి పదార్థం వేయరాదు. ఈ చివరిదానిని నేను వ్యతిరేకించలేదు.

ఇక పర్యవసానం. డన్‌లప్ గారు లేచి, ఒక గదికి ఒక నియమం, భోజనశాలకు ఇంకొక నియమం ఉండటం న్యాయం కాదన్నారు. కొత్త నియమం భోజనశాలకు కూడా వర్తిస్తుందని అక్కడికక్కడే తీర్మానించారు. నేనే గట్టిగా చప్పట్లు కొట్టాను.

నిన్న మధ్యాహ్నం ఆ వడ్డించే అమ్మాయి నా దగ్గర ఆగింది. గిన్నెలో ఉడికి చల్లారిన బీన్సు. ఇంకొంచెం పెట్టమంటారా అన్నది. వద్దన్నాను. వెళ్లలేదు. 'అలా అనకండి' అన్నది, ఎవరు నేర్పారో గాని. నిజంగానే వద్దమ్మా అన్నాను. గరిటె ఎత్తింది. కొవాల్‌స్కీ పక్క బల్ల నుంచి చూస్తున్నాడు. మీ అక్క చూస్తున్నది. మూడోసారి వద్దంటే ఆ అమ్మాయి నమ్మి వెళ్లిపోయేది. నాకు ఆ హక్కు ఉన్నది, పోరాడి తెచ్చుకున్నాను.

పళ్లెం మీద చేయి అడ్డం పెట్టాను. నోటితో ఏమీ అనలేదు. ఆ అమ్మాయి వేళ్ల సందుల్లోంచి వేసింది.

ఉప్పు లేదు, సామ్యూల్. మొత్తం తిన్నాను.

ఇట్లు,
దైవాశీర్వాదం

తమ్ముడూ, ఆగస్టులో రండి. ఈసారి ఏమీ తినకుండా రండి. – అక్క